విప్పే విద్య

పెట్టెలో సామానుతో పాటు వచ్చిన పుస్తకాన్ని శుక్రవారం రాత్రి అన్నం తింటూ తిరగేశాను. 72 పేజీలు. ఏ గొట్టం ఎక్కడ తగిలించాలో, ఏ బోల్టు ఎంత బిగించాలో బొమ్మలు గీసి చెబుతారనుకున్నాను. చెప్పారు, కానీ బాగా వెనక. మొదటి 24 పేజీల్లో కొత్త సామాను ఊసే లేదు. బ్యాటరీ తీగ విప్పండి. బెల్టు జార్చండి. రేడియేటర్లో నీళ్ళు దించండి. పెట్రోలు పైపులో ఒత్తిడి తగ్గించి, అప్పుడు ఆ పైపు విప్పండి. పైనున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పండి. విప్పండి, విప్పండి, విప్పండి. పుస్తకం పేరు మాత్రం ‘బిగించే పద్ధతి’.

“బాగా నడుస్తున్న బండిని విప్పడమెందుకు?” అంది మా ఆవిడ, నా భుజం మీదుగా ఆ పేజీలు చూసి.

నిజానికి అది బాగా నడవడం లేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్‌మని గోడగడియారంలా చప్పుడు. పది నిమిషాలు పోయాక ఆ చప్పుడు దానంతటదే మాయం. చల్లగా ఉన్నప్పుడు వినపడి, వేడెక్కితే ఆగిపోయే టిక్ టిక్ అంటే తెలిసినవాళ్ళు వెంటనే చెప్పేస్తారు: పొగ బయటికి పోయే మానిఫోల్డు బోల్టు ఒకటి విరిగింది, ఆ సందులోంచి పొగ తంతోంది. మానిఫోల్డు వేడెక్కి సాగగానే సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. దాని మరమ్మతుకి మానిఫోల్డు ఎలాగూ విప్పాలి. ‘ఎలాగూ విప్పుతున్నాం కదా’ అన్న మాట ఎంత ఖరీదైనదో ఇల్లు బాగుచేయించుకున్న ప్రతివాడికీ తెలుసు. ఎలాగూ గోడ కొడుతున్నాం కదా, కిటికీ పెద్దది పెట్టిద్దాం. కిటికీ ఎలాగూ మారుస్తున్నాం కదా, వసారా కూడా దించుదాం. అలా నా ఒక్క విరిగిన బోల్టు రెండు హెడర్లయింది, హెడర్లు ఒక సూపర్‌ఛార్జర్ అయ్యాయి. రెండేళ్ళు దాచిన డబ్బులో ఏడెనిమిది వేల డాలర్లు ఒక అట్టపెట్టెలో ఇంటికొచ్చాయి.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. టెక్సస్‌లో పికప్ ట్రక్కుకి మన పల్లెల్లో ఒకప్పుడు ఎడ్లబండికున్నంత మర్యాద ఉంది. గడ్డిమోపులూ దాంట్లోనే, పెళ్ళికి పోవడమూ దాంట్లోనే. అమెరికా మొత్తంలో 1977 నుంచి ఎక్కువగా అమ్ముడుపోతున్న ట్రక్కు ఫోర్డ్ వాళ్ళ ఎఫ్ సిరీసేనని లెక్కలు చెబుతాయి. నా బండి ఏ కంపెనీదో చెప్పను, దాని తప్పేమీ లేదు. పన్నెండేళ్ళ వయసు, ఎనిమిది సిలిండర్లు. మొదటి ఏడేళ్ళూ నాతో పాటు మిషిగన్‌లో ఉంది. అక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉంటాడని మనవాళ్ళంటారు. నా బండి కూడా ఉప్పు తిని విశ్వాసంగానే ఉంది, ఎంత విశ్వాసమంటే అడుగున ఉన్న ఏ బోల్టూ తన చోటు వదిలి రానంటుంది.

ఇక్కడ ఇంజిన్ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇంజిన్ అనగానే మనకి మంట గుర్తొస్తుంది గానీ, అది చేసే పనిలో ఎక్కువ భాగం ఊపిరి తీసుకోవడం, వదలడం. ఊరికే నిలబెట్టి ఉంచితే నిమిషానికి 600 సార్లు తిరుగుతుందనుకోండి, ఒక్కో సిలిండరు సెకనుకి 5 సార్లు పొగ వదులుతుంది. ఎనిమిదీ కలిస్తే 40 సార్లు. నిమిషానికి 6,000 సార్లు తిప్పితే ఒక్కో సిలిండరే సెకనుకి 50 సార్లు. ఈ వదిలిన పొగంతా బయటికి పోవడానికి కంపెనీవాళ్ళు ఇచ్చేది పోత ఇనుముతో చేసిన పొట్టి మానిఫోల్డు. చవక, గట్టిది, చప్పుడు తక్కువ. కానీ దాని లోపల నాలుగు సిలిండర్ల పొగ ఒకే ఇరుకు సందులోకి వచ్చి పడుతుంది. సెకండ్ షో వదిలినప్పుడు ఒకే గేటు తీస్తే ఎలా ఉంటుందో అలా. ముందువాడి వీపు వెనకవాడి ముక్కుకి తగులుతుంది.

హెడర్లంటే ఒక్కో సిలిండరుకి ఒక్కో గొట్టం. స్టీలువి, మెలికలు తిరిగి, పొడవులు వీలైనంత సమానంగా ఉండి, కొంత దూరం ఎవరి దారిన వాళ్ళు పోయి, అప్పుడు ఒకచోట కలుస్తాయి. ఇందులో తమాషా ఏమిటంటే, వేగంగా పోతున్న పొగ తన వెనక కాస్త వెలితి వదిలిపోతుంది. సరైన వేళకి పక్క సిలిండరు తలుపు తెరుచుకుంటే, ఆ వెలితి దాని పొగని కూడా లాగేస్తుంది. గేటు దాటినవాడు వెనక్కి చెయ్యి చాచి ఇంకొకణ్ణి బయటికి లాగినట్టు. పాత పొగ పూర్తిగా ఖాళీ అయితే ఆ చోట్లోకి కొత్త గాలి ఎక్కువ వస్తుంది. మనం ఎక్కువ పీల్చాలంటే ముందు బాగా వదలాలని ప్రాణాయామం నేర్పే ఏ మాస్టారైనా మొదటి రోజే చెబుతాడు.

శనివారం పొద్దున ఏడింటికి గ్యారేజీ తలుపెత్తాను. ముందు అట్టపెట్టె మూత ఒకటి పరిచి, దాని మీద ఇంజిన్ ఆకారం స్కెచ్ పెన్నుతో గీశాను. ఏ బోల్టు ఏ చోటునుంచి వస్తే ఆ బొమ్మలో అక్కడే కన్నం పొడిచి దాన్ని గుచ్చాలి. ఈ పద్ధతి ఏ పుస్తకమూ నేర్పలేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా పెదనాన్న లారీల షెడ్డు ఉండేది. ఎండాకాలం సెలవుల్లో నన్నక్కడ కూర్చోబెట్టేవారు. సగానికి కోసిన నూనె డబ్బాలో కిరసనాయిలు పోసి, అందులో బోల్టులు కడగడం నా పని. షెడ్డులో చేరిన కుర్రాళ్ళకి మొదటి ఏడాదంతా విప్పడమే. పానా ఇచ్చి ‘విప్పు’ అనేవారు గానీ ‘బిగించు’ అనేవారు కాదు. బిగించడం మేస్త్రీల పని. అది హోదా అనుకునేవాణ్ణి. తెలివి తక్కువ పని చిన్నవాళ్ళకి, తెలివైన పని పెద్దవాళ్ళకి. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఒక్కో పక్క ఎనిమిది, రెండు పక్కలా కలిపి 16 మానిఫోల్డు బోల్టులు. మూడు రాత్రులుగా వాటి మీద తుప్పు కరిగించే నూనె కొడుతున్నాను. పద్నాలుగు వచ్చాయి. కొన్ని కీచుమంటూ, కొన్ని గొణుగుతూ, మొత్తానికి వచ్చాయి. ఒకదాని తల ఎప్పుడో ఎగిరిపోయింది, టిక్ టిక్ అన్నది అదే. మొండెం మూడు మిల్లీమీటర్లు బయటికి కనపడుతోంది. ఇంకొకటి డ్రైవరు పక్క అన్నిటికంటే వెనక, స్టీరింగు కడ్డీకీ ఇంజిన్ గోడకీ మధ్య ఉంది. అక్కడ చెయ్యి పడితే చూపు పడదు, చూపు పడితే చెయ్యి పడదు.

బోల్టు విప్పేటప్పుడు చేతికి రెండు రకాల కబుర్లు వస్తాయి. ‘టక్’మని ఒక్క పెట్టున వదిలిందా, అది మంచి కబురు, తుప్పు తెగింది. అలా కాకుండా మెత్తగా, జీడిపాకంలా సాగుతూ తిరిగిందా, తిరుగుతున్నది బోల్టు తల ఒక్కటే, ఒళ్ళు లోపల కదలడం లేదు. నా చేతికి జీడిపాకమే తగిలింది. పానా వదిలేసి ఫోను తీశాను. అక్కడ సాయంత్రం ఆరున్నర. పెదనాన్న అరుగు మీద కూర్చునే వేళ.

“పెదనాన్నా, ఒకటి కదలనంటోంది.”

“సాగుతోందా?”

“సాగుతోంది.”

“అయితే చెయ్యి తియ్యి. ఇంకో పావు చుట్టు తిప్పావంటే తల నీ చేతిలో ఉంటుంది, మొండెం లోపల ఉంటుంది. ముందు దాన్ని బిగించు.”

“బిగించమంటారా? నేను విప్పాలి పెదనాన్నా.”

“విప్పడానికేరా చెప్పేది. వెంట్రుకవాసి బిగించు, వెంటనే వెనక్కి లాగు. మళ్ళీ బిగించు, మళ్ళీ లాగు. తుప్పు పిండై రాలాలి. అప్పటికీ రాకపోతే కాస్త సెగ చూపించు. బోల్టుకి కాదు, దాని చుట్టూ ఉన్నదానికి. సెగ మీదుండగానే కొవ్వొత్తి ముక్క ఆనించు, కరిగి లోపలికి పోతుంది.”

ఆయన ఏ కాలేజీలోనూ భౌతికశాస్త్రం చదవలేదు. నేను చదివాను. ఇంజిన్ తల అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. చుట్టూ సెగ పెడితే కన్నం వెడల్పవుతుంది, బోల్టు అంతగా లావెక్కదు. ఆ సందులోకి కరిగిన మైనం పాకుతుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. బోల్టు ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఒక్క ముక్కా గుర్తు రాలేదు, ఇంకాస్త బలంగా తిప్పుదామనే అనిపించింది.

అసలు ఆ బోల్టులు విరగడానికి కారణం కూడా ఆ పాఠంలోనే ఉంది. వ్యాకోచం, సంకోచం అని చిన్నప్పుడు బట్టీ పట్టినవే. పోత ఇనుప మానిఫోల్డు రోజూ వందల డిగ్రీలకి వేడెక్కుతుంది. దాన్ని పట్టుకున్న ఇంజిన్ తల చుట్టూ నీళ్ళు తిరుగుతాయి కాబట్టి అది అంత వేడెక్కదు. ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. కానీ ఆ తేడా అంతా చివర్న ఉన్న బోల్టుల మీద పడుతుంది. బండి తీసినప్పుడల్లా ఒకసారి ఇటు, ఆపినప్పుడల్లా ఒకసారి అటు, పన్నెండేళ్ళు వంగి, ఒకరోజు ఫట్‌మంటుంది. సంకోచమంటే మనుషుల్లో మొహమాటం. ఇద్దరి మధ్యలో పడి, ఎవరికీ ఏమీ చెప్పలేక, రోజూ కొంచెం కొంచెం వంగే మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళు విరిగిన రోజున అందరూ ఆశ్చర్యపోతారు, నిన్నటిదాకా బాగానే ఉన్నాడే అని.

నలభై నిమిషాలు పట్టింది. బిగించడం, లాగడం, సెగ, మైనం. ఒక దశలో ‘టక్’మంది. ఆ చప్పుడుకి నా గుండె కూడా ఒకసారి టక్‌మంది, విరిగిందేమోనని. విరగలేదు. ఎర్రటి తుప్పు పొడి కారుస్తూ బోల్టు చుట్టుచుట్టుగా బయటికొచ్చింది. దాన్ని ఫోను కెమెరా ముందు పెడితే పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని చూసి, “మర బాగానే ఉంది, కన్నం దెబ్బతినలేదు” అన్నారు. ఆయనకి బోల్టు వచ్చిందా లేదా అన్నది కాదు, కన్నం బతికిందా లేదా అన్నదే లెక్క. బోల్టు పోతే రెండు డాలర్లు. కన్నంలో మరలు పోతే ఇంజిన్ తల దించాలి.

తల ఎగిరిపోయిన రెండోదానికి పక్కింటి పెద్దాయన వచ్చారు. పశ్చిమ టెక్సస్ నూనె బావుల దగ్గర ముప్ఫై ఏళ్ళు పంపులు బాగుచేసి రిటైరయినాయన. మొండెం మీద ఒక నట్టు ఆనించి, దాని నడిమి కన్నంలో వెల్డింగు చేసి రెంటినీ అతికించారు. ఎరుపు తగ్గేదాకా ఆగారు. సిగరెట్టు కాల్చేంత సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ నట్టుకి పానా వేసి, ముందు కొంచెం అటు, తర్వాత ఇటు. వచ్చేసింది. వెల్డింగు అతికించింది, వెల్డింగు వేడే వదిలించింది. ఫోనులో చూస్తున్న పెదనాన్న, “చెయ్యి తిరిగినవాడురా” అన్నారు. ఆ మాట పక్కింటాయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నిజమే, తెలుగులో పనివాడికిచ్చే పెద్ద బిరుదు చెయ్యి తిరగడమే. ఎటు తిరిగితే బిరుదు ఇస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు తెలిసిన ఇద్దరు చెయ్యి తిరిగినవాళ్ళూ ముందు ఎడమవైపు తిప్పడం నేర్చుకున్నవాళ్ళే.

ఆ రాత్రి నడుం వాల్చాక బిగించడం, విప్పడం అన్న రెండు మాటలూ బుర్రలో తిరిగాయి. తెలుగులో బిగించడమంతా ఒక యుద్ధం. నడుం బిగిస్తాం, పిడికిలి బిగిస్తాం, పళ్ళు బిగిస్తాం, ఉచ్చు బిగుస్తుంది, ఊపిరి బిగబడతాం. విప్పడం దగ్గరికి వచ్చేసరికి భాషే మెత్తబడిపోతుంది. నెమలి పురి విప్పుతుంది. మొగ్గ రేకులు విప్పుతుంది. పొడుపు కథ విప్పుతాం, ముడి విప్పుతాం, ఎన్నాళ్ళకో ఒకడు నోరు విప్పుతాడు. బిగించిన ప్రతిచోటా బలం కనపడుతుంది, విప్పిన ప్రతిచోటా ఏదో ఒకటి తెలుస్తుంది. షెడ్డులో కుర్రాళ్ళకి ఏడాదంతా విప్పుడు పని ఎందుకు చెప్పేవారో అప్పుడర్థమైంది. విప్పేవాడికే ఎవరు ఎక్కడ తప్పు చేశారో కనపడుతుంది. ఏ మేస్త్రీ మరీ బిగించాడు, ఎవడు వాషర్ మరిచాడు, ఎక్కడ ప్యాకింగ్ చిరిగింది, ఎక్కడ తుప్పు మొదలైంది. వంద బళ్ళు విప్పాక బిగించడం ఒకరు నేర్పక్కర్లేదు. ఏం చెయ్యకూడదో చేతికే తెలిసిపోతుంది.

ఆదివారం సూపర్‌ఛార్జర్ వంతు. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, అది గాలి ఊదే తిత్తి. దాని ముత్తాత కొలిమి దగ్గర పుట్టింది. ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్ అనే ఊళ్ళో రూట్స్ ఇంటిపేరున్న ఇద్దరన్నదమ్ములు, ఫిలాండర్, ఫ్రాన్సిస్, 1860లో ఒక ఊదుడు యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ఇనుము కరిగించే కొలుములకి గాలి కొట్టడానికి దాన్ని వాడారు. 1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్ ఇంజిన్‌లోకే గాలి కుక్కితే పోలేదా అని పేటెంటు తీసుకున్నాడు. 1921లో మెర్సిడెస్ వాళ్ళు సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లు బజారులోకి తెచ్చారు. 1999లో ఫోర్డ్ వాళ్ళు ఎఫ్-150 లైట్నింగ్ అనే పికప్‌కి ఫ్యాక్టరీలోనే దీన్ని బిగించి 360 హార్స్‌పవర్ రాబట్టారు. 2021 మోడల్ రామ్ టీఆర్‌ఎక్స్ దగ్గరికి వచ్చేసరికి అది 702 అయింది. కమ్మరి తిత్తి అంత దూరం వచ్చింది.

లారీలు చూసిన పెదనాన్నకి టర్బో బాగా తెలుసు, ఇది తెలియదు. తేడా చెప్పాను: టర్బో ఇంజిన్ వదిలిన పొగతో తిరుగుతుంది, ఇది ఇంజిన్‌కే బెల్టు వేసుకుని తిరుగుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, “అంటే ఇంజిన్ దగ్గర అప్పు చేసి, దానికే వడ్డీతో తిరిగిస్తుందన్నమాట” అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

మామూలు ఇంజిన్ గాలిని తనకు తాను పీల్చుకుంటుంది. సముద్రమట్టం దగ్గర గాలి చదరపు అంగుళానికి 14.7 పౌండ్ల ఒత్తిడితో తోస్తుంది, అంతే దొరుకుతుంది. సూపర్‌ఛార్జర్ ఇంకో ఏడు పౌండ్లు కలిపితే దాదాపు సగం ఎక్కువ. పెళ్ళిభోజనంలో వద్దు వద్దంటున్నా ఇంకో గరిటె, ఇంకో గరిటె అంటూ విస్తట్లో పోసే మేనత్తలా ఇది గాలిని కుక్కుతుంది. కుక్కిన కొద్దీ చిక్కులూ కలిసొస్తాయి. నొక్కిన గాలి వేడెక్కుతుంది, డాలస్ ఎండలో ఇంకో యాభై డిగ్రీలు ఎక్కినా ఎక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి విడిగా చిన్న రేడియేటరు, నీళ్ళు, పంపు. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి, అందుకు పెద్ద ఇంజెక్టర్లు. వేడికి పెట్రోలు తన వేళ కంటే ముందే అంటుకుంటే పిస్టన్లు పగులుతాయి, అందుకు 93 ఆక్టేన్ పెట్రోలు, చల్లటి రకం స్పార్క్ ప్లగ్గులు, కంప్యూటరులో కొత్త లెక్కలు. ఒక్క గాలి ఎక్కువ ఇద్దామనుకుంటే ఇల్లంతా సర్దాలి. ఇవన్నీ చేసే ముందు ఎనిమిది సిలిండర్ల ఒత్తిడీ కొలిచాను, ఈ ముసలి ఇంజిన్ భరించగలదా అని. భరించగలదనే తేలింది.

అన్నిటికన్నా ముందు, తోసిన గాలి పోయే దారి కావాలి. అందుకే హెడర్లు ముందు, సూపర్‌ఛార్జర్ తర్వాత. పొడుగు గొట్టాల హెడర్లయితే ఇంకా సులువుగా ఊపిరి వదులుతుంది గానీ, వాటికోసం పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్లని చోటు మార్చాలి. చాలామంది తీసి పారేస్తారు కూడా. అది ఈ దేశపు చట్టం ప్రకారం నేరం. టెక్సస్‌లో సొంత బళ్ళకి భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు గానీ, మా కౌంటీలో పొగ పరీక్ష అలాగే ఉంది. నేను పొట్టి హెడర్లే కొన్నాను. కొన్ని గుర్రాలు తగ్గాయి. మా వీధిలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, వాళ్ళ ముక్కుపుటాల లెక్క కూడా ఇందులో ఉంది.

పైన ఇన్‌టేక్ మానిఫోల్డు తీసేసరికి ఎనిమిది నోళ్ళు ఆకాశం వైపు తెరుచుకున్నాయి. అందులో ఒక్క నట్టు జారిపడిందా, రెండు రోజుల పని మూడు వారాలవుతుంది. ఎనిమిది శుభ్రమైన గుడ్డలు చింపి ఎనిమిది నోళ్ళలో కుక్కి, గోడ మీద సుద్దతో 8 అని రాశాను. తీసేటప్పుడు లెక్కపెట్టుకుంటూ తీశాను. ఆ తర్వాత నేనూ, పక్కింటాయనా చెరో పక్కా పట్టుకుని సూపర్‌ఛార్జర్‌ని పసిబిడ్డని ఉయ్యాల్లో దించినట్టు దించాం.

ఇక బిగించడం. నా దగ్గర ఎంత బిగించానో చూపించి, సరిపోగానే ‘క్లిక్’మనే టార్క్ రెంచి ఉంది. హెడరు బోల్టులకి 18 ఫుట్-పౌండ్లు. నడిమధ్య నుంచి మొదలుపెట్టి, చివరలకి పోతూ, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో. పెదనాన్న ఫోనులో “ఎంత బిగించావు?” అనడిగారు. “పద్దెనిమిది” అన్నాను. “పద్దెనిమిదేంటి?” ఆయన దగ్గర అంకెలు లేవు, మణికట్టు ఉంది. పిడి పొడుగు చూసి, బోల్టు లావు చూసి, ఎక్కడ ఆపాలో ఆ మణికట్టుకి తెలుసు. కొత్త కుర్రాళ్ళు బలం చూపించబోతే, “నీ బలం చూపించడానికి లారీ ఎందుకురా, బస్తా మొయ్యి” అనేవారు.

ఒకటి మాత్రం రెండోసారీ మూడోసారీ అడిగారు: “మరలకి ఏమైనా రాశావా?” రాశాను. వేడికి పట్టుకోకుండా పూసే వెండి రంగు ముద్ద ఒకటి ఇక్కడ సీసాల్లో దొరుకుతుంది. షెడ్డులో గ్రాఫైట్ కలిపిన గ్రీజు రాసేవాళ్ళు. 16 బోల్టులకీ చిన్న బ్రష్షుతో పలచగా పూశాను. రాయకపోయినా బండి నడుస్తుంది. ఆ పూతతో ఒక్క గుర్రం బలం పెరగదు, చప్పుడు మారదు, ఎవరికీ కనపడదు. దాని ఉపయోగం బిగించేవాడికి కాదు.

ఆదివారం సాయంత్రం స్టార్ట్ చేస్తే టిక్ టిక్ లేదు. పెడల్ నొక్కితే బానెట్ కిందనుంచి సన్నగా ఒక ఈల, కుక్కరు ఈలకి ముందు వచ్చే మూలుగులా. మా ఆవిడ పక్కన కూర్చుని, హైవే ఎక్కే మలుపులో సీటుకి అతుక్కుపోయి, “ఇదా” అంది. ఆ ‘ఇదా’లో మెచ్చుకోలు ఎంత, మందలింపు ఎంత అని నేను విడదీయలేదు. కొన్ని విప్పకూడదు.

కథ అక్కడితో అయిపోవాలి. వారం తర్వాత గ్యారేజీ ఊడుస్తుంటే పనిముట్ల పెట్టె కింద ఒక వాషర్ కనపడింది. హెడరు బోల్టులకి వేసేదే. పదహారూ లెక్క పెట్టుకునే వేశానే! దంతవైద్యుడి అద్దంలాంటిది తీసుకుని ఒక్కో బోల్టూ చూశాను. పదిహేనింటికి ఉంది. పదహారోది, డ్రైవరు పక్క చిట్టచివరిది, చెయ్యి పడితే చూపు పడని చోటిది, అద్దంలోనూ సరిగ్గా ఆనలేదు. తప్పదు, విప్పి చూడాలి. వారం రోజులు ఎర్రగా కాలి చల్లారిన బోల్టు. మొన్న నలభై నిమిషాలు సెగ, మైనం, ప్రార్థనలు తీసుకున్న కన్నం అదే.

పానా వేసి మెల్లగా ఎడమకి లాగాను. తోపుడుబండివాడు కూరల తూకం దించినంత తేలిగ్గా కదిలింది. మిగతా చుట్లు వేళ్ళతోనే తిప్పాను. అర నిమిషం పట్టలేదు. వాషర్ లేదు. వేసి, కాస్త పూత మళ్ళీ రాసి, 18 దగ్గర క్లిక్‌మనిపించి, చేతులు కడుక్కున్నాను.

ఈ బండి ఎప్పటికీ నాతోనే ఉండదు. రేపెవరో కొంటారు, ఇంకెవరో ఒక కుర్రాడు దీని కింద పడుకుని ఈ పదహారు బోల్టులూ విప్పుతాడు. నా పేరు అతనికి తెలియదు. పానా వెయ్యగానే కదిలితే, ముందు బిగించినవాడెవరో పనివాడే అనుకుంటాడు. మీరు కూడా ఏది బిగిస్తున్నా, ఇంటి పైపైనా, ఒప్పందం కాగితమైనా, బిగించే ముందు మరలకి కాస్త పూత రాయండి. దాన్ని విప్పాల్సి వచ్చేది మీకే కావచ్చు.